అభిమాని కాదని ధ్రువపత్రం

మా టౌన్లో పిడుగు స్టార్ ప్రళయ్‌కి ఆరువందల పన్నెండు మంది అభిమానులు. గాలిలో చెప్పే లెక్క కాదు, రిజిస్టర్లో ఉంది. ఆ రిజిస్టర్ రాసేవాణ్ణి నేనే. వృత్తికి దస్తావేజు లేఖరిని. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గోడ పక్కన రేకుల షెడ్డులో బల్ల వేసుకుని, ఇరవై తొమ్మిదేళ్లుగా జనం ఇళ్లనీ పొలాలనీ ఒకరి పేరు మీంచి ఇంకొకరి పేరు మీదికి తోస్తున్నాను. ఊరంతా నన్ను రైటరుగారనే పిలుస్తుంది. ప్రళయ్ యువసేనకి కార్యదర్శిని కూడా. అంచేత ఈ కథలో అక్కడక్కడా 'సదరు', 'యావత్తు' లాంటి మాటలు దొర్లితే చదివేవారు మన్నించాలి. చెయ్యి అలా తిరిగిపోయింది, ఇక మారదు.

యువసేనకి అధ్యక్షులు ముక్కామల విశ్వపతిగారు. వయసు అరవై నాలుగు. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. "గొడ్డలి గోవిందు" సినిమాలో ప్రళయ్ ఒక ఆఫీసులోకి దూరి, బీరువాలో ఫైళ్లన్నీ కిటికీలోంచి కాలవలోకి విసిరేసే సీనొకటి ఉంది. అది చూసి విశ్వపతిగారు హాల్లోనే లేచి నిలబడి వలవలా ఏడ్చారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన చెయ్యాలనుకుని చెయ్యలేకపోయిన పని అదొక్కటేనట. మర్నాడే వచ్చి సంఘంలో చేరారు. వారం తిరక్కుండా అధ్యక్షులయ్యారు. నెల తిరిగేసరికి మా సంఘంలో ఫైళ్లు పుట్టాయి.

ఇక నూకరత్నం. బస్టాండు వెనక సందులో జాకెట్లు కుట్టే మనిషి. రెడీమేడ్ జాకెట్లు వచ్చిపడ్డాక ఆమె మిషను సగం రోజు కునుకు తీస్తోంది. మొగుడిది ఇటుకబట్టీలో పని, వానలు పడితే అదీ ఉండదు. అయినా ఇరవై రెండేళ్లుగా ప్రళయ్ సినిమా ఏది వచ్చినా మొదటి రోజు మొదటి ఆటకి ఆడవాళ్ల వరసలో అందరికంటే ముందు నిలబడేది నూకరత్నమే. ఒకసారి పురుడు పోసుకున్న పదకొండో రోజున పిల్లని ఒళ్లో పెట్టుకుని వచ్చి చూసింది. ఫైటింగు సీన్లో ఆ పిల్ల ఏడవలేదు సరికదా, కేరింతలు కొట్టింది. అది నేను కళ్లారా చూశాను.

జాకెట్లు తగ్గాక మిగిలిన గుడ్డపీలికలతో ఆమె ప్రళయ్ బొమ్మలు కుట్టడం మొదలెట్టింది. జానెడు బొమ్మ. నల్ల ఊలుతో మీసం, నల్లపూసలతో కళ్లు, మెడలో ఎర్ర తువ్వాలు, చేతిలో అట్టముక్కతో చేసిన గొడ్డలి. విలన్ని కొట్టబోయే ముందు ప్రళయ్ తల అడ్డంగా ఊపుతాడు చూడండి, ఆ ఊపు కూడా ఉండేది. మెడలో బాల్‌పెన్ను స్ప్రింగు పెట్టేది. ఆ స్ప్రింగులు సరఫరా చేసేవాణ్ణి నేనే. నా బల్ల కింద ఇంకు అయిపోయిన పెన్నులకి లోటు లేదు. బొమ్మ నూట ఇరవై రూపాయలు. రోజంతా కూర్చుంటే మూడు తయారయ్యేవి. ఆ ఇంట్లో అన్నం ఉడికేది వాటి మీదే.

ప్రళయ్ ఇరవై ఐదో సినిమా వస్తోందనగా బొమ్మలకి గిరాకీ పెరిగింది. అప్పుడు లేచాడు ఫ్లెక్సీల రాజబాబు. అభిమానుల ఫోటోలు ప్రళయ్ పక్కన పెట్టి ఫ్లెక్సీలు అచ్చేసే షాపు వాడిది. సంఘం మీటింగులో గొంతు సవరించుకుని అన్నాడు.

"అధ్యక్షా, మన అన్న మొహం పెట్టి ఆవిడ డబ్బు చేసుకుంటోందండి. అభిమానం అమ్ముకోవడమేంటండీ? మనం చూస్తూ ఊరుకోవడమేంటండీ?"

విశ్వపతిగారు కళ్లద్దాలు తీసి తుడిచారు. ఆయన కళ్లద్దాలు తుడిచారంటే సర్క్యులర్ వస్తోందని అర్థం.

"అభిమానము అమూల్యము," అన్నారాయన. "అమూల్యము అనగా మూల్యము లేనిది. మూల్యము లేనిదానికి మూల్యము వసూలు చేయుట తార్కికముగా అసాధ్యము, నైతికముగా అపరాధము. రైటరుగారూ, రాసుకోండి."

రాసుకున్నాను. సర్క్యులర్ నంబరు ఒకటి. విషయం: అభిమాన సృష్టుల ఉచిత పంపిణీ గురించి. పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, అభిమాని అగు వ్యక్తి తన స్వహస్తములతో చేసిన యే వస్తువునకు గాని ప్రతిఫలము స్వీకరింపరాదు. 'యే వస్తువునకు గాని' అన్న ముక్క నాదే. దస్తావేజుల్లో హద్దులు గట్టిగా రాయకపోతే రేపు తగువులొస్తాయని నా భయం. ఆ ముక్క ఎవరి నెత్తిన పడుతుందో అప్పుడు తెలీదు.

ఒక మాట చెప్పాలి. విశ్వపతిగారే స్వయంగా ప్రళయ్ మీద నూటెనిమిది పద్యాల శతకం రాసి, అచ్చేయించి, యాభై రూపాయలకి అమ్ముతున్నారు. ఆ సంగతి వినయంగా గుర్తుచేశాను.

"అది సాహిత్యము," అన్నారాయన.

సర్క్యులర్ తీసుకుని నేనే వెళ్లాను. నూకరత్నం మిషను తొక్కుతూనే చదివించుకుంది.

"అయితే ఫ్రీగా ఇచ్చెయ్యమంటారా అండీ?"

"సర్క్యులర్ అలాగే అంటోందమ్మా."

"నేను అభిమానిని గాబట్టి?"

"ఆ."

"అదే ఇంకోడైతే, అన్నంటే గిట్టనోడైతే, అమ్ముకోవచ్చా అండీ?"

సర్క్యులర్ వెనక్కి తిప్పి చూశాను. ఆ సంగతి అక్కడా లేదు.

ఉచితమని తెలిసిన మూడో రోజుకి ఆమె గుమ్మం ముందు జనం. సంఘం నుంచి అధికారికంగా ఒక ఇండెంటు వెళ్లింది, ఇరవై ఐదో సినిమా సందర్భముగా మూడువందల బొమ్మలు సత్వరమే అందజేయవలెనని. నూకరత్నం నా షెడ్డుకొచ్చి నిలబడింది. ఆమెకి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"రైటరుగారూ, నా చెయ్యి ఫ్రీ, నా కన్ను ఫ్రీ, ఒప్పుకున్నాను. దూది ఎవరిత్తారండి? గుడ్డపీలికలు మూడొందలకి నా దగ్గర లేవండి. దారం కొట్టోడు అన్న అభిమాని కాదండి, అడిగి చూశాను."

న్యాయమైన ప్రశ్న. విశ్వపతిగారు రెండు రోజులు ఆలోచించి సర్క్యులర్ నంబరు రెండు ఇచ్చారు. ముడిసరుకు ఖర్చు వసూలు చేసుకోవచ్చును, శ్రమకు మాత్రం తీసుకోరాదు. మరి బొమ్మలో ముడిసరుకెంత, శ్రమెంత? తేల్చడానికి పరిశీలక ఉపసంఘం వేశారు. అందులో రాజబాబు, సెలూన్ ఏసుబాబు, టీకొట్టు సూరన్న. నేను ఎలాగూ ఉంటాను.

ఆదివారం సంఘం ఆఫీసులో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ప్రళయ్ బొమ్మని వెల్లకిలా పడుకోబెట్టారు. పక్కన కంసాలి త్రాసు. చుట్టూ నలభైమంది అభిమానులు. పొట్ట విప్పి దూది తూచాలి. రాజబాబు కత్తెర పట్టుకుని వంగాడు. ప్రళయ్ నల్లపూసల కళ్లతో వాడినే చూస్తున్నాడు. వాడు కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

"అన్న పొట్ట కోత్తావురా!" అని వెనకనుంచి ఎవరో బావురుమన్నారు.

కత్తి పట్టే చెయ్యి కదా అని ఏసుబాబుని పిలిచారు. "గడ్డం గియ్యమంటే గీత్తాను గానండీ, అన్న పొట్ట మీద కత్తెర పెట్టమంటే నా వల్ల కాదండి బాబూ," అని వాడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. సూరన్న అప్పటికే బయటికి వెళ్లి బల్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

చివరికి గుమ్మంలో నిలబడ్డ నూకరత్నమే లోపలికొచ్చింది. నడుముకి దోపుకున్న తన కత్తెర తీసింది.

"తప్పుకోండి. పుట్టించిందాన్ని నేను, విప్పేదీ నేనే."

రెండు కుట్లు తెంపింది. దూది లాగి త్రాసులో పెట్టింది. ముప్పై ఎనిమిది గ్రాములు. రాసుకున్నాను. పీలికలు, పూసలు, స్ప్రింగు ఒకటి, అన్నీ రాసుకున్నాను. చివర్న పొట్టలోంచి మడతపెట్టిన చిన్న రంగు కాగితం ఒకటి వచ్చింది.

"ఇదేమిటమ్మా?" అన్నారు విశ్వపతిగారు.

"గుండెకాయండి."

మడత విప్పి చూస్తే సినిమా టిక్కెట్టు ముక్క. ప్రళయ్ సినిమాల మొదటి ఆట అయ్యాక హాల్లో జనం పారేసిపోయిన టిక్కెట్లన్నీ ఏరి దాచుకునేదట, ఇరవై రెండేళ్లుగా. బొమ్మకొకటి లోపల పెట్టి కుట్టేదట. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

విశ్వపతిగారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఫైల్లో నోటు రాశారు: సదరు టిక్కెట్టును ముడిసరుకుగా పరిగణించవలెనా, శ్రమగా పరిగణించవలెనా అను అంశము తదుపరి నిర్ణయార్థము పెండింగులో ఉంచడమైనది. మిగతాదంతా కలిపి ముడిసరుకు ధర పదకొండు రూపాయల నలభై పైసలని తేల్చారు. నూకరత్నం చెయ్యి చాపింది. టిక్కెట్టు తీసుకుని, బొమ్మ పొట్టలో పెట్టి, అక్కడే నిలబడి కుట్టేసి, బొమ్మ పట్టుకుని వెళ్లిపోయింది.

నూట ఇరవై పదకొండున్నర అయ్యేసరికి ఆమె ఇంట్లో ఏమైందో నేను చెప్పక్కర్లేదు. కానీ రూలనేది పిల్లి లాంటిది, ఒక ఇంట్లో పాలు తాగి ఊరుకోదు. మర్నాడు పొద్దున్నే సూరన్న టీకొట్టు దగ్గర గొడవ.

"నువ్వు అభిమానివి. ఈ టీ నీ స్వహస్తాలతో పెట్టావు. 'యే వస్తువునకు గాని' అని రాసుంది. డబ్బులెలా అడుగుతావు?" అంటున్నాడొకడు, గ్లాసు కింద పెడుతూ.

"ఓరి నీ దుంప తెగ! టీకీ అన్నకీ ఏం సంబంధం రా?" అన్నాడు సూరన్న. కానీ కొట్టు మీద ప్రళయ్ ఫోటో ఉంది, ఫోటోకి దండుంది. ఆ గ్లాసు తీసుకెళ్లి కడుక్కున్నాడు.

ఆ వారంలో ఏసుబాబు సెలూన్లో 'ప్రళయ్ కటింగు' ఉచితమైంది. రాజబాబు షాపు ముందు ఉచిత ఫ్లెక్సీల కోసం కుర్రకారు బారులు తీరారు. వాడి మొహం చూడాలి! వెనక ప్రళయ్ స్టిక్కరున్న ఆటోలు ఎక్కినవాళ్లు దిగి, డబ్బులివ్వకుండా దణ్ణం పెట్టి వెళ్లిపోతున్నారు. నేను మాత్రం నవ్వుకుంటూ షెడ్డులో కూర్చున్నాను. రెండెకరాల క్రయదస్తావేజు రాయించుకోవడానికి ఒకాయన వచ్చాడు. పదహారు పేజీలు, మధ్యాహ్నం దాకా రాశాను. కాగితాలు చంకలో పెట్టుకుని లేచాడు.

"రైటరుగారూ, మీరు యువసేన కార్యదర్శి కదండీ?"

"అవునండి."

"చేత్తోనే రాశారు కదండీ?"

నాకు మండుకొచ్చింది. ఏం చేస్తాను, రాసిన చెయ్యి నాదే, రూల్లో ముక్కా నాదే. వాడు సంతోషంగా వెళ్లిపోయాడు.

అత్యవసర సమావేశంలో అందరం కలిసి విశ్వపతిగారి మీద పడ్డాం. రూలు తీసెయ్యండి మహాప్రభో అన్నాం. ఆయన నొచ్చుకున్నారు. రూలు తీసేస్తే సంఘం పరువేం కావాలి? సవరణ ఇస్తామన్నారు. అలా పుట్టింది సర్క్యులర్ నంబరు మూడు. ప్రతిఫలము స్వీకరింపగోరు వ్యక్తులు, తాము అభిమాని కాదని నిర్ధారించు ధ్రువపత్రమును సంఘము నుండియే పొందవలెను. ధ్రువపత్రము పొందినవారు సభ్యత్వ కార్డును వాపసు చేయవలెను. నిబంధన తొమ్మిది: సదరు ధ్రువపత్రము చిరిగిపోయినచో రద్దయినట్లు భావింపబడును, సదరు వ్యక్తి తిరిగి అభిమానిగా పరిగణింపబడును. ఈ తొమ్మిది కూడా నా చేతి చలవే. పాత దస్తావేజుల్లో చూసి దింపాను.

ధ్రువపత్రానికి పరీక్ష ఉండాలన్నారు అధ్యక్షులు. ఊరికే రాసిస్తే అభిమానులు కూడా వచ్చి పట్టుకుపోతారు కదా. అభ్యర్థిని కుర్చీలో కూర్చోబెట్టి, రాజబాబు ఫోన్లో "గొడ్డలికి కళ్లుండవురా, గురుంటుంది!" అన్న ప్రళయ్ డైలాగు పెట్టాలి. ఈల వెయ్యకూడదు. చప్పట్లు కొట్టకూడదు. ముంజేతి మీద వెంట్రుకలు లేవకూడదు. ఆ మూడోది నేను భూతద్దంతో చూసి రాయాలి.

మొదటి రోజు పద్నాలుగు మంది తప్పారు. వాళ్ల చేతుల మీద వెంట్రుకలు 'గొడ్డలి' అన్న మాటకే లేచి నిలబడ్డాయి. రెండో రోజు నుంచి ఒక్కడూ తప్పలేదు. ఎందుకా అని చూస్తే, అందరి ముంజేతులూ నున్నగా ఉన్నాయి. ఏసుబాబు సెలూన్లో చేతులకి గుండు ముప్పై రూపాయలట. వాడు అప్పటికే ధ్రువపత్రం పుచ్చుకున్నాడు కాబట్టి నిర్భయంగా వసూలు చేస్తున్నాడు. సూరన్న నోటినిండా వేడి టీ పోసుకుని వచ్చి కూర్చున్నాడు. ఈల రాలేదు గానీ కళ్లలోంచి నీళ్లు కారాయి. "పొగ," అన్నాడు మింగాక.

ఆటో తోలేవాళ్లూ, పాలు పోసేవాళ్లూ, ట్యూషన్లు చెప్పేవాళ్లూ అందరూ వచ్చారు. ఊళ్లో ఏదో ఒకటి చేసి బతకనివాడెవడు? పదిరోజుల్లో ఆరువందల పదకొండు ధ్రువపత్రాలు రాశాను. రెండో నంబరు నాది. ఒకటో నంబరు విశ్వపతిగారిది. శతకం ప్రతులు నాలుగువందలు ఇంకా మిగిలున్నాయి పాపం. సాహిత్యమైనా సరే, జాగ్రత్త మంచిదని ఆయనది లామినేషన్ కూడా చేయించారు.

మిగిలింది నూకరత్నం. ఆఖరి రోజు సాయంత్రం రమ్మంటే వచ్చింది. చేతులకి గుండు చేయించుకోలేదు. మిషను ముందు కూర్చున్నట్టే కుర్చీలో కూర్చుంది. డైలాగు మొదలైంది. 'గొ' అనేసరికి ఆమె మోచెయ్యి దాకా ఒళ్లు గగుర్పొడిచింది. 'గురుంటుంది' పూర్తయ్యేలోపు రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. అబ్బ, ఏం ఈల! విశ్వపతిగారి బల్ల మీద ఫైళ్లు రెపరెపలాడాయి.

"అమ్మా," అన్నారాయన మెల్లగా. "సదుద్దేశముతో మరొక అవకాశము ఇస్తాను. డైలాగు వద్దు. 'నేను అభిమానిని కాను' అని సంతకము చేస్తే చాలు. రేపటి నుంచి నూట ఇరవైకి అమ్ముకో. నీకు ఇబ్బంది ఉండదు."

"ఇబ్బందుందండి," అంది నూకరత్నం. "ఆ కాగితం మీద సంతకం పెట్టేసి, ఇంటికెళ్లి ఆ బొమ్మకి కళ్లు కుట్టాలి కదండీ. ఆ కళ్లలోకి ఎలా చూత్తానండి? పైగా కార్డు ఇచ్చేత్తే మొదటి ఆటకి రానివ్వరు. ఇరవై రెండేళ్లండి. ఒక్కటి తప్పలేదు."

"మరి ఇల్లెలా గడుస్తుందమ్మా?" అన్నాను ఆగలేక.

"అది నేనూ ఆలోచించాలండి," అని లేచి వెళ్లిపోయింది. నాకు ఆ పూట అన్నం సహించలేదు. నా జేబులో రెండో నంబరు ధ్రువపత్రం ఉంది, నా ఫీజు నాకొస్తోంది. అయినా సహించలేదు.

నాలుగు రోజులు ఆమె మిషను చప్పుడు వినపడుతూనే ఉంది. ఐదో రోజు బస్టాండు దగ్గర కొత్త బొమ్మ దిగింది. సిమెంటు రంగు సఫారీ సూటు. ఫ్యూజు వైరుతో చేసిన కళ్లద్దాలు. చంకలో ఎర్రదారం కట్టిన ఫైలు. మెడలో నా పెన్ను స్ప్రింగే. వేలితో తడితే కాదు, కాదు, కుదరదు అన్నట్టు తల అడ్డంగా ఊపుతుంది. ఎవరో చెప్పక్కర్లేదు. ఊళ్లో చంటిపిల్లలు కూడా చూడగానే "సర్క్యులర్ తాతయ్య!" అని అరిచారు. ధర నూటయాభై. ముప్పై రూపాయలు ఎక్కువెందుకమ్మా అని అడిగితే, "ఫైలుందిగా అండీ," అంది.

వారంలో ముప్పై, చేసినవి చేసినట్టే అమ్ముడుపోయాయి. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చి కొనుక్కెళ్లారు. తహసీల్ ఆఫీసులో ప్రతి బల్ల మీదా ఒకటి ఉందట. విశ్వపతిగారి భార్యే మనిషిని పంపి రెండు తెప్పించుకుందని నాకు తర్వాత తెలిసింది. ఆవిడ వాటిల్లో ఒకదాన్ని పోపుల డబ్బా పక్కన పెట్టుకుని రోజూ ఓ మొట్టికాయ వేస్తుందట.

రాజబాబు పరిగెత్తుకొచ్చాడు. "అధ్యక్షా! మీ మొహం పెట్టి డబ్బు చేసుకుంటోందండి!"

విశ్వపతిగారు రూలు తీసి మూడుసార్లు చదివారు. రూలు స్పష్టంగా ఉంది. అభిమాని అయితేనే ఉచితం, బొమ్మ ఎవరిదైతే వారికి అభిమాని అని ఆయన అర్థం చెప్పుకున్నారు. ఆయన నా చేత నోటీసు రాయించారు: సదరు నూకరత్నం, సదరు విశ్వపతికి అభిమాని అగునో కాదో మూడు దినములలో లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. నేను పట్టుకెళ్లి చదివాను. నూకరత్నం దారం పళ్లతో తెంపి, "కాదండి," అంది. అదే రాసుకుని తెచ్చాను. ఆ ఒక్క మాట చదువుకుని ఆయన కాగితం వెనక్కి తిప్పి చూశారు. "అవుననలేదా?" అన్నారు చివరికి. అనలేదన్నాను.

సినిమా వచ్చింది. పొద్దున్న ఎనిమిది గంటలకి అభిమానుల ప్రత్యేక ప్రదర్శన, సంఘం కార్డు గలవారికి మాత్రమే. ఈ ఏర్పాటు నాలుగు నెలల కిందటే టాకీసు మేనేజరుతో ఒప్పందం చేసుకుని, స్టాంపు కాగితం మీద రాసింది నేనే. ఆ రోజు టాకీసు ముందు ఆరువందల మందిమి చేరాం. టిక్కెట్లున్నాయి, డప్పులున్నాయి, దండలున్నాయి, కొబ్బరికాయలున్నాయి. కార్డులు మాత్రం లేవు. అన్నీ విశ్వపతిగారి బీరువాలో రద్దు సీలుతో పడున్నాయి.

నూకరత్నం ఎర్రచీర కట్టుకుని వచ్చింది. గేటు దగ్గర కార్డు చూపించింది. మేనేజరు ఒప్పందం చూశాడు, కార్డు చూశాడు, మమ్మల్ని చూశాడు. ఆమెని ఒక్కదాన్నీ లోపలికి పంపి తలుపులేశాడు. ఏడువందల సీట్ల హాలు. ఒక్క మనిషి.

మేమంతా తలుపులకి చెవులు ఆనించాం. లోపల టైటిల్స్ మ్యూజిక్ మొదలైంది. ఈల వినపడింది. ఒక్కటే ఈల. ఖాళీ హాల్లో ఎంత దిక్కులేనిదిగా ఉందో! ఏసుబాబు నున్నటి చేతుల్ని మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. నాకు సిగ్గేసింది, దాచడం ఎందుకు.

రెండు నిమిషాలు గడిచాయి. లోపల మ్యూజిక్ ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది. నూకరత్నం బయటికొచ్చింది.

"నా వల్ల కాదండి," అంది. "ఈలేత్తే గోడలకి తగిలి నా చెవిలోకే వత్తాంది. అన్న ఎంట్రీ ఇంకా రాలేదు, ఆపరేటర్ని బతిమాలి ఆపించాను. వచ్చేవోళ్లు రండి."

మేనేజరు విశ్వపతిగారి వైపు చూశాడు. విశ్వపతిగారు గొంతు సవరించుకున్నారు.

"ధ్రువపత్రములు అమలులో ఉండగా ప్రవేశము..."

"మరి అమల్లో లేకుండా ఎలా చేత్తారండి?" అంది నూకరత్నం.

అప్పుడు నాకు నిబంధన తొమ్మిది గుర్తొచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లలో నేను రాసినవాటిలో పనికొచ్చిన ముక్క అదొక్కటే కాబోలు. జేబులోంచి రెండో నంబరు తీశాను. నా దస్తూరి, నా సంతకం, మా సంఘం సీలు. పర్రున చింపాను. పక్కన సూరన్న చింపాడు. ఏసుబాబు చింపాడు. రాజబాబు చుట్టూ చూసి వాడూ చింపాడు. ఇక ఆ చప్పుడు టాకీసు ఆవరణ అంతా పాకింది. ముక్కలు కింద పడెయ్యలేదెవరూ. ప్రళయ్ ఎంట్రీకి చల్లడానికి కాగితాలు కావాలి కదా, గుప్పిట్లో పెట్టుకుని, మేనేజరు కార్డులడిగేలోపే లోపలికి ఉరికారు.

తలుపు దగ్గర నేను వెనక్కి తిరిగి చూస్తే, గేటు దగ్గర విశ్వపతిగారొక్కరే మిగిలారు. ఒకటో నంబరు పట్టుకుని లాగుతున్నారు. అది లామినేషన్ చేసింది, చిరగదు. చొక్కా తడిసిపోయింది. లోపల సినిమా మళ్లీ మొదలై గుర్రం డెక్కల చప్పుడు వినపడుతోంది, అంటే ఎంట్రీ దగ్గరపడింది. ఆయన మొహం చూస్తే అరవై నాలుగేళ్ల మనిషిలా లేదు.

నూకరత్నం నడుము నుంచి కత్తెర తీసి ఆయన చేతికిచ్చింది.

"పట్టండి, తొరగా!"

ఆయన కత్తిరించారు. ఇద్దరూ పరిగెత్తి వచ్చేసరికి గుర్రం తెర నిండా ఉంది. ప్రళయ్ తల అడ్డంగా ఊపాడు. ఆరువందల పదకొండు ధ్రువపత్రాలు ఒక్కసారిగా గాల్లోకి లేచాయి. పదిరోజులు నేను చెయ్యి నొప్పెట్టేలా రాసిన అక్షరాలన్నీ నా నెత్తినే రాలాయి. నాకింత ఆనందం ఎప్పుడూ కలగలేదు. ఆడవాళ్ల వరసలో నూకరత్నం ఈల, మా ఈలల్లో కలిసిపోయి, వేరుగా వినపడలేదు.

ఆట అయ్యాక ఆమె టాకీసు మెట్ల మీద కూర్చుని, ఒళ్లో కొంగు పరుచుకుని, ఏరిన టిక్కెట్టు ముక్కలు సర్దుకుంటోంది. పక్క సంచిలో ఒక సఫారీ బొమ్మ మిగిలుంది. విశ్వపతిగారు వచ్చి నిలబడ్డారు. తల మీద, భుజాల మీద కాగితం ముక్కలు.

"రైటరుగారూ, సర్క్యులర్లన్నీ రద్దు. తర్వాత రాసుకోండి," అన్నారు నాతో. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మా, ఆ బొమ్మ నాకివ్వగలవా? ఇంట్లో ఉన్నవి ముట్టుకోనివ్వదు మీ పిన్నిగారు," అన్నారు.

"తీసుకోండి."

ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పారు. పొట్ట నొక్కి చూశారు. "ఇందులో ఏముంది, దూదేనా?"

"మీ సర్క్యులర్లేనండి. దూది ఖరీదు కదా, ఇవైతే ఇంటింటికీ పంచారు."

"గుండెకాయ లేదా?"

నూకరత్నం ఆయన వైపు చూసింది. లేచి, ఆయన కాలరు మీద అంటుకున్న లామినేషన్ ముక్క ఒకటి తీసింది. దాని మీద ఒకటి అంకె సగం కనపడుతోంది. బొమ్మ పొట్ట దగ్గర రెండు కుట్లు విప్పి, అది లోపల దోపి, మళ్లీ కుట్టి, దారం పళ్లతో తెంపింది.

"ఇప్పుడుందండి. నూటయాభై."

విశ్వపతిగారు జేబులో చెయ్యి పెట్టి ఆగారు.

"ఇంత జరిగాక కూడా నా మీద ఏమాత్రం అభిమానం లేదా అమ్మా?"

నూకరత్నం బొమ్మ తల వేలితో ఒకసారి తట్టింది. అది కాదు, కాదు అన్నట్టు ఊగింది. ఊగి ఊగి ఆగేదాకా చూసింది.

"పది రూపాయలంతుందండి," అంది. "నూట నలభై ఇవ్వండి."